నాయనమ్మ మీద వేసిన నింద

నా చిన్నప్పుడు, పదేళ్లు నిండిన ఏడు, ఆస్ట్రేలియాలో వసంతకాలపు స్కూలు సెలవులకు నాన్న మమ్మల్ని స్పెయిన్ తీసుకెళ్లారు. మాకు వసంతమంటే అక్కడ చలి మొదలయ్యే కాలమని ఆయన ఆలోచించినట్టు లేదు. అద్దెకు తీసుకున్న క్యాంపర్‌వ్యాన్‌లో అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను వాయవ్య తీరం వెంట బయలుదేరాం. కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోయే చోటది. సీజన్ అయిపోవడంతో వ్యాన్లు ఆపుకునే క్యాంపులు ఒక్కొక్కటే మూసేస్తున్నారు. గేట్లకు తాళాలు, కుళాయిలు బంద్. వ్యాన్ ట్యాంకులో ఉన్న నీళ్లే మాకు ఆధారం.

నాయనమ్మ చీరాల వైపు మనిషి. పొద్దున్నే స్నానం చేయనిదే కాఫీ కూడా ముట్టదు. వెంట తెచ్చుకున్న చిన్న చెంబుతో, వ్యాన్ వెనక తువ్వాళ్ల చాటున, నాలుగు చెంబులు పోసుకుని సరిపెట్టుకునేది. దానికే నాన్న విసుక్కునేవారు.

ఒక సాయంత్రం నేను ఒడ్డున ఏరిన ఆల్చిప్పలన్నీ వ్యాన్ వెనక కుళాయి కింద పెట్టి కడిగాను. ఆ తర్వాత ఇసుక పట్టిన జుట్టు కూడా కడుక్కున్నాను. కుళాయి గుడగుడమని ఆగిపోయాక గానీ ఏం చేశానో తెలియలేదు.

అమ్మ బియ్యం కడగబోతే చుక్క రాలేదు. నీళ్లన్నీ ఎవరు వాడారని నాన్న అడిగారు.

"నాయనమ్మ యూజ్డ్ ఇట్ ఆల్. విత్ ద చెంబు," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో నాకింకా గుర్తే.

"అమ్మా, ఇది ఇల్లు కాదు, వ్యాన్ అని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"అత్తయ్యగారికి పక్కన సముద్రమున్నా చాల్లేదు," అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు.

నాయనమ్మ నా తడి జుట్టు వైపు ఒక్కసారి చూసింది. "నేనే అయ్యుంటాన్లే నాయనా. అలవాటు చావదు గదా."

మర్నాడు సీసాల్లోని తాగునీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. స్నానం లేదు గనుక నాయనమ్మ కాఫీ తాగలేదు, ఏమీ తినలేదు. ఆకలి లేదంది. దారిలో రెండు క్యాంపులూ మూసే ఉన్నాయి. ఆ మలుపుల రోడ్డు మీద ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుని కూర్చుంటే, నేను ఎదురుగా కూర్చుని బ్రెడ్డు తిన్నాను.

మధ్యాహ్నం దాటాక ఒక పెట్రోల్ బంకులో కుళాయి దొరికింది. మేమిద్దరమే ఉన్నప్పుడు, "నాయనమ్మా, నిన్న..." అని మొదలుపెట్టాను.

"జుట్టు పిండుకుంటుంటే చూశాలేవే," అంది చెంబు నింపుకుంటూ. "నేను కాదంటే నువ్వింకో అబద్ధం వెతుక్కోవాల్సి వచ్చేది. ఒకటి చాల్లే."

తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

నాన్నకు మాత్రం చెప్పలేదు. మెల్‌బోర్న్‌లో ఎవరింటికి వెళ్లినా ఆయన ఆ ముచ్చట తీసేవారు. అంకుల్స్, ఆంటీలు నవ్వేవారు. వాళ్లతో పాటు నాయనమ్మ కూడా నవ్వేది. ఆమె పోయి చాలా ఏళ్లయినా ఆ కథ ఆగలేదు. మొన్న క్రెయిగీబర్న్‌లో మా అబ్బాయి ఇంటి బార్బెక్యూ విందులో, ఇంత ముసలితనంలోనూ నాన్న మళ్లీ చెప్పారు. ఇప్పుడు చెంబు కాస్తా బిందె అయింది. నా మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "వాజ్ షి రియల్లీ దట్ సిల్లీ, నాయనమ్మా?" అని అడిగింది. నేను ఖాళీ ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

రెండో అబద్ధం ఆడే అవసరం రాకుండా ఆ పూట నాయనమ్మ నన్ను కాపాడింది. ఆ కథకు అందరూ నవ్వుతుంటే నోరు మెదపకుండా కూర్చున్న ప్రతిసారీ, నేను మొదటిదాన్నే మళ్లీ ఆడుతున్నాను.