కారణం అనే గడి

బిందె నింపే ముందు కర్దనూర్ ఊళ్లో కౌసల్య దోసెడు బోరు నీళ్లు పట్టి వాసన చూస్తుంది. ఎన్నేళ్లయినా ఊరి పక్కనున్న మందుల కంపెనీ కంపు అదే. ఆ కంపెనీ సేటు తన షేర్లలో సగం రాసిచ్చి ఫౌండేషన్ పెట్టాడు. వాటి మీద వచ్చే లాభంతోనే ఊళ్లకు గ్రాంట్లిస్తారు. నీళ్ల ఫిల్టరు కోసం మహిళా సంఘం అధ్యక్షురాలిగా కౌసల్య సంతకం చేయాలి. ఫౌండేషన్ ఆఫీసరు తెచ్చిన దరఖాస్తులో, నీళ్లు చెడిపోవడానికి ‘కారణం’ అనే గడిలో ‘భూమిలోని ఉప్పు’ అని ముందే అచ్చు వేసి ఉంది. కౌసల్య దాన్ని కొట్టేసి ‘కంపెనీ’ అని రాసింది.

“గిట్ల రాస్తే ఫిల్టరు రాదమ్మా,” అంటూ ఆఫీసరు అదే అచ్చున్న ఇంకో కాగితం తీశాడు.

“రాకుంటే కొట్లాడి తెచ్చుకుంటం సారూ. మా బోరు ఖరాబు చేసి సంపాయించిన లాభమే గదా మీ గ్రాంటు? దానికి దండం గూడ పెట్టాల్నా?”

కొత్త కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అతని చేతికే తిరిగిచ్చింది.

“దీనికి గూడ గదే వాసన.”