ఉపవాసం, బెల్లం గారెలు

గోపాలపట్నంలో బస్సెక్కిన ఆయన ఒడిలో క్యారేజీ పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఎడారిలో బతికిన తొలి క్రైస్తవ సన్యాసుల గురించిన పుస్తకం నా చేతిలో ఉంది. దాన్ని చదువుతున్నాననడం కన్నా మోస్తున్నాననడం నిజం.

"ఏటి బావా అది?" అన్నాడు. చెప్పాను.

"మా అన్నా అంతే. కోపతాపాల్లేని ఊరు కడతామని ఇంకొందరితో కలిసి తగరపువలస అవతల కొండకాడ ఉంటన్నాడు. ఎల్లినకాడి నుంచి ఇయాళే నాను సూడ్డానికి ఎల్తన్నాను. బెల్లం గారెలంటే ఆయనకి పేణం. ఇప్పుడు ఉపాసమంటాడో ఏటో. ఇయ్యి తినకపోతే నన్నొద్దన్నట్టే కదా."

అతిథి వస్తే ఆ సన్యాసులు ఉపవాసం ఆపి, కలిసి తినేవారని చెప్పాను. ఉపవాసం రేపైనా చెయ్యొచ్చు, వచ్చినవాడు రేపు ఉండడని వాళ్ల ఆలోచన.

"పుస్తకంలో ఉందా?"

పేజీ చూపించాను. ఆ వాక్యాన్ని వేలితో తడిమి చూశాడు.

తగరపువలసలో దిగాక కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు.

"ఆ పుస్తకం ఇచ్చీ బావా. అన్నకి సూపిత్తాను."

ఆ పేజీ మడిచి ఇచ్చాను.

అన్న తిన్నాడో లేదో నాకు తెలీదు. మా ఇంటికి ఎవరొచ్చినా మాత్రం డైటింగ్ పక్కన పెట్టి, వాళ్ల పక్కన కూర్చుని తింటున్నాను. మాకు వచ్చేపోయేవాళ్లు ఎక్కువ. అందుకే నేనింకా ఇలాగే ఉన్నాను.