ఎవరి గడిలో వాళ్ళు

నరసన్నపేట రైసుమిల్లు కళాసీలు ఫుట్‌బాల్ ఆడతారంటే పక్క ఊళ్ళవాళ్ళు నవ్వేవారు. పొద్దల్లా బస్తాలు మోసిన నడుములు సాయంత్రం బంతి వెనక ఏం పరిగెడతాయని. పరిగెట్టేవి. మిల్లు కట్టేయగానే చర్చి వెనక బయల్లో తేలేవారు. ఈ ఆట మిషనరీ దొరలతో వచ్చిందని పేటవాళ్ళు, కాదు ఓడల వాళ్ళ దగ్గర మా తాతలే నేర్చారని కళింగపట్నం వాళ్ళు ఇప్పటికీ కీచులాడుకుంటారు. ఎక్కణ్ణుంచి వస్తేనేం, ఏ ఆటనైనా ఆడేవాడు తన పనిలాగే మలుచుకుంటాడు. కళాసీల ఆటా బస్తాల పనిలాగే ఉండేది. బరువెక్కడుంటే అందరూ అక్కడికే.

ఆ జట్టులో వెనక నిలబడి అడ్డుకొట్టేవాడు ఎజ్రా. నలభైకి దగ్గర పడ్డాడు. భుజాలు గట్టివే, మోకాళ్ళు గట్టివే. పోయింది ఊపిరి. లారీకి ఏటవాలుగా వేసిన బల్ల ఎక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. ఏళ్ళ తరబడి మింగిన ఊకదుమ్ము. ఈ సంగతి పైకి పొక్కితే మేస్త్రి గంగులు ముఠాలోంచి తీసెయ్యక తప్పదు. ముఠాలో చోటు పోయిన కళాసీని ఇంకో మిల్లు గుమ్మం తొక్కనివ్వదు. అందుకని ఎజ్రా ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా అందరికీ తెలుసు. బావమరిది ఫిన్నీ ఏ మాటా లేకుండా బల్ల ఎక్కే వంతు తను తీసుకుని, బావను కింద బస్తా ఎత్తిపెట్టేచోట ఉంచేవాడు. బయల్లోనూ అంతే. ఎజ్రా ఆగాడంటే పక్కనుంచి ఫిన్నీ వచ్చి బంతిని తన్నేసేవాడు. వాళ్ళకు తెలుసని ఎజ్రాకూ తెలుసు. తెలియనట్టే అందరూ కలిసి బీడీ కాల్చుకునేవారు.

నిరుడు వేసవిలో విశ్వనాథ్ వచ్చాడు. విశాఖలో ఏదో ఆఫీసు జట్టుకు ఆడి రిటైరై, భార్య చూడామణి ఉద్యోగం ఈ ఊళ్ళో కనక ఇక్కడికి చేరినవాడు. చర్చి పెద్దలు అడిగితే, ఊరికే కూచోలేక జట్టుకు ఆట నేర్పడానికి ఒప్పుకున్నాడు. మొదటిరోజు విజిల్ ఊదకుండా ఆటంతా చూశాడు.

"బంతి ఒకటే. మీరు పదకొండుమంది. అందరూ దాని వెనకే పడితే గోలు ఎవరు కాస్తారయ్యా?"

"రాముడున్నాడు కదా సారూ, గోల్కీపరు," అన్నాడు ఫిన్నీ.

"ఆ రాముడేడీ?"

అందరూ వెనక్కి తిరిగారు. గోలు ఖాళీ. రాముడు మధ్యగీత దగ్గర, వాళ్ళ మధ్యనే నిలబడి పళ్ళికిలించాడు.

మర్నాడు బయలంతా సున్నంతో గళ్ళు గీసేశాడు విశ్వనాథ్. "ఇది నీ గడి. ఇందులోకొచ్చిన బంతి నీది. పక్క గడిలోకి కాలు పెట్టావా, నీది ఖాళీ. ఆ ఖాళీలోంచే గోలు." చెడ్డవాడు కాదు. అరటిపళ్ళు తెచ్చిపెట్టేవాడు, అందరి పేర్లూ వారంలో నేర్చాడు. ఆయన మాటకు కళాసీలు తెల్లారకముందే హైవే మీద పరుగు తీశారు, ఆదివారం కల్లు మానేశారు. ఈసారి టోర్నమెంటులో, తమను ఎప్పుడూ చితక్కొట్టే శృంగవరపుకోట జట్టును వాళ్ళ ఊళ్ళోనే ఓడించి వచ్చారు. ఆ రాత్రి వ్యానులో గంగులు మేస్త్రి పాట పాడాడు. ఆయన పాడగా అంతకుముందు ఎవరూ వినలేదు.

గళ్ళల్లో ఎజ్రా ఒక్కడే చిక్కుకుపోయాడు. పాత అలవాటున ఫిన్నీ పక్కకు దూకగానే విజిల్ మోగేది. "ఫిన్నీ! అది నీది కాదు!" అటు ఫిన్నీ వదిలిన జాగాలోంచి గోలు. కొన్నాళ్ళకు ఫిన్నీ దూకడం మానేశాడు.

"ఏటి మావా, నీ గడిలో ఊడుపు గాని ఏసినావేటి, కదలవు?" అనేవాడు రాముడు ఎజ్రాతో. జట్టంతా నవ్వేది. మొదట్లో ఫిన్నీ నవ్వేవాడు కాదు.

విశ్వనాథ్ తండ్రి గుళ్ళో సన్నాయి వాయించేవాడట. ఆ మేళంలో ఒక మర్యాదుంది. పెద్దాయన ఊపిరి తీసుకునేలోపు పక్క సన్నాయి స్వరం అందుకుంటుంది, ఎక్కడ తెగిందో వినేవాడికి తెలియకూడదు. ఆ ఇంట్లో పుట్టినవాడికి కళాసీల ఆటలో అదే జరుగుతోందని తట్టలేదు. ఇంట్లో రోజూ చూసినదాన్ని బయట గుర్తుపట్టడం ఎవరికైనా కష్టమే.

వానల ముందు ఒక పూట, మిల్లు దగ్గర టీ తాగుతూ రాముడు కదిపాడు. "అక్కడ ఎవుడి పని ఆడు సేత్తేనే గెలిసినాం. ఇక్కడేటి, కొందరు కిందుండి ఎత్తడం, కొందరు బల్లెక్కడం? వంతులేసుకుందాం మేస్త్రీ, ఎవుడి వంతుకి ఆడే బల్లెక్కాల."

"బాగానే సెప్పినావురా," అన్నాడు గంగులు. ఎజ్రా మాట అతని మనసులో లేదు, గెలుపుంది. ఫిన్నీ నోరు తెరిచి, మళ్ళీ టీగ్లాసులోకి చూశాడు.

"మంచిదే," అన్నాడు ఎజ్రా. మరోమాట అంటే కారణం చెప్పాలి.

ఆ శనివారం లారీకి బియ్యం ఎత్తుతున్నారు. కొన్ని బస్తాలు ఎక్కించాడు ఎజ్రా. ఆ తర్వాత ఒకసారి బల్ల మధ్యలో కాలు ఆగిపోయింది. వీపు మీద బస్తా, లోపల పిల్లికూతలు. కళ్ళముందు లారీ తొట్టి అటూ ఇటూ ఊగుతోంది. కింద ఫిన్నీ అడుగు ముందుకు పడింది. పడిన అడుగు వెనక్కి పోయింది.

"ఎక్కీ బావా! ఇంకొక్క అంగ! ఎక్కీ!"

బస్తా జారిపోయింది. కుట్టు తెగి బియ్యం బురదలోకి పోయింది. ఎజ్రా బల్లమీద చేతులూ మోకాళ్ళూ ఆనించి దగ్గుతున్నాడు. ఎవరూ నవ్వలేదు. గంగులు వచ్చి నీళ్ళు పట్టాడు.

"ఇంటికెల్లిపో ఎజ్రా. పాణం బాగయినాక వద్దువు గాని."

ఎజ్రా గోడవారగా నడిచిపోయాడు. గేటు దాటకముందే వెనక లోడింగు మొదలైంది.

వారం నడుమ విశ్వనాథ్ ఎజ్రా ఇంటికొచ్చాడు. ఎజ్రా భార్య, ఫిన్నీ అక్క కృపారాణి స్టూలు వేసి, గుమ్మం దగ్గర చేపలు తోముతూ కూచుంది.

"నువ్వు వెనకబడటం మొదటిరోజే చూశాను ఎజ్రా. దమ్ము తక్కువ, కష్టపడితే వస్తుందనుకున్నాను. మీవాళ్ళు ఒక్క మాట చెప్పుంటే…"

"ఆళ్ళు సెప్పరు సారూ. సెప్పకుండానే నన్ను మోసినారు. తమరి గీతలు పడినాక, ఎవుడు ఎవుడ్ని మోత్తన్నాడో ఆళ్ళకే అవుపడింది."

ఆ మాటలో కోపం లేదు. విశ్వనాథ్ స్టూలు కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. "ఆదివారం ఫైనల్. వచ్చి చూడు," అన్నాడు.

"నా గడిలో ఎవుడ్ని నిలబెడతన్నారు?"

"దేవేంద్రని. ముఠాలో కొత్తగా చేరాడు కదా, ఆ కుర్రాడిని."

కృపారాణి చేతిలో చేప ఆగిపోయింది. "ముఠాలోకా? ఎప్పుడు సారూ?"

"సోమవారం. ఫిన్నీయే తీసుకొచ్చాడు. మీకు చెప్పలేదా?"

కృపారాణి మొగుడి వైపు చూసింది. ఎజ్రా గోడకు చేరబడి, మాట్లాడేంత గాలి కోసం ఆగాడు.

"ఊపిరున్నోడేనా?"

"ఉంది," అన్నాడు విశ్వనాథ్.