శనివారం ఉప్మా, ఆదివారం రక్తం

మా అమ్మ శనివారాలు ఉపవాసం ఉంటుంది. మా ఇంట్లో ఉపవాసమంటే అన్నం ముట్టకపోవడం. ఉప్మా ముట్టవచ్చు. దాని మీద రెండు బంగినపల్లి పళ్ళు కూడా ముట్టవచ్చు, పండు ఫలహారమే కాబట్టి. ఎండాకాలం తిరువూరులో ఉపవాసం ఉన్నవాళ్ళే అందరికంటే ఎక్కువ తింటారు.

ఏడాదిలో మూడు నాలుగు శనివారాలు మాత్రం నిజంగానే మంచినీళ్ళతో గడిపేస్తుంది. మర్నాడు ఆదివారం సుగర్ పరీక్షకి రక్తం ఇవ్వాలి మరి. రిపోర్టు నార్మల్ అని వస్తుంది. ఆ కాగితం ఫ్రిజ్ మీద పెట్టి, అక్కడే నిలబడి మామిడిపండు కోసుకుంటుంది.

"ఇది మోసం కదమ్మా?" అన్నానోసారి.

"నువ్వు మాత్రం పరీక్ష ముందురోజేగా చదివింది!"

పాయింటే.

అమ్మకి నెలసరి ఆగి మూడేళ్ళయింది. అప్పటినుంచి నడుం దగ్గర ఒళ్ళు పెరిగింది, నిద్ర తగ్గింది. గిన్నె కింద పడితే ఏడుపు, పడకపోతే చిరాకు. నాన్న ఎరువుల కొట్టు మూసి ఇంటికొచ్చి, "ఆ వయసే అంత" అంటాడు. ఆ వయసు ఆయనకి రాలేదు, రాబోదు. అనుభవం మాత్రం అపారం. నేనేం తక్కువ తినలేదు. అమ్మ ఏడుస్తుంటే, "ఇంటర్వెల్ ఎప్పుడు?" అని అడిగేదాన్ని. నవ్వేది. నవ్విందిగా, బానే ఉందనుకునేదాన్ని.

పోయిన నెల కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నార్మల్ కాగితాలన్నీ తిరగేసి, మూడు నెలల సగటు చూపించే పరీక్ష రాసింది.

"మూడు నెలల కింద ఏం తిన్నానో రక్తానికెట్టా తెలుస్తుందే?" అంది అమ్మ.

"నువ్వు తింటున్నప్పుడు అదీ అక్కడే ఉందిగా."

రిపోర్టొచ్చింది. సుగర్ ఉంది, అదీ చాన్నాళ్ళ నుంచి.

"నిద్ర పడుతోందా అండీ?" అడిగింది డాక్టరమ్మ.

"బ్రహ్మాండంగా."

"దిగులుగా ఉంటోందా? ఏడుపొస్తోందా?"

"సీరియల్ చూస్తే వస్తుందండి."

ఇక్కడా నార్మల్ రిపోర్టే! నాకు ఒళ్ళు మండింది.

"టీవీ కట్టేసినా వస్తుంది డాక్టర్‌గారూ" అన్నాను. జోకులాగే మొదలుపెట్టాను. ఎవరూ నవ్వలేదు.

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "మూడింటికే మెలకువొచ్చేస్తుందండి" అంది చివరికి. "లేచి ఏం చెయ్యాలిలే అనిపిస్తుంది. ఏడాదిగా ఇంతే. చెబితే మావాళ్ళు నవ్వుతారు."

మావాళ్ళు అంటే నేనే.

నెలసరి ఆగాక చాలామందికి ఇలా అవుతుందని, సుగరూ నిద్రలేమీ దిగులూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయని చెప్పింది డాక్టరమ్మ. సుగర్‌కి మందు రాసింది. దిగులుకి చూసే డాక్టరుకి చీటీ ఇచ్చింది.

ఆటోలో అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "మీ నాన్నకి చెప్పకే."

"ఏది? సుగరా, ఏడుపా?"

"ఏడుపు సంగతి నేనే చెప్తా. మామిడిపళ్ళ సంగతి ఎత్తకు."

ఆ సాయంత్రమే చెప్పింది. "ఆ వయసే..." అని నాన్న మొదలెట్టాడు.

"వయసు సంగతి తర్వాత. నాకు బాగుండట్లేదు. కూర్చోండి."

నాన్న కూర్చున్నాడు. కొట్టు తాళాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. నాకో మంచి జోకు తట్టింది. మింగేసి, నేనూ కూర్చున్నాను.