తెర అవతల డాక్టరు

నేను ఎనిమిదో తరగతి పాసయ్యేసరికి మా నాన్న నా ముందు రెండు దారులు పెట్టాడు. ఒకటి టీచరు ట్రైనింగు, రెండోది ఆసుపత్రిలో కాంపౌండరు ట్రైనింగు. ఆయన సదుంలో మిషను బడి పంతులు. ఆడపిల్లకు ఇంత స్వేచ్ఛ ఇచ్చిన తండ్రి చుట్టుపక్కల లేడని మా అమ్మ మురిసిపోయింది. టీచరు ట్రైనింగులో సీట్లన్నీ నిండిపోయాయన్న సంగతి వాళ్ళిద్దరికీ ముందే తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. ఆ విధంగా నా ఇష్టప్రకారం నేను మదనపల్లె మిషను ఆసుపత్రిలో చేరాను.

బయలుదేరే ముందు మా మిషను గుడిలో నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. పిల్ల సేవకు అంకితమైపోతోందని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. నా కొత్త చెప్పులు కరుస్తున్నాయి.

సేవ అంటే సీసాలు కడగడమని మదనపల్లెలో తెలిసింది. మందుకు సీసా రోగే తెచ్చుకోవాలి. కిరసనాయిలు సీసా, ఆముదం సీసా, సారాయి సీసా, ఏదైతేనేం, దాన్ని తెల్లగా కడిగి పెద్ద కాంపౌండరు ముందు పెట్టడం నా పని. కొన్నాళ్ళకు వాసన చూసి ఏ సీసా ఏ ఇంటిదో చెప్పగలిగాను. వైద్యశాస్త్రంలో నేను సాధించిన మొదటి ప్రావీణ్యం అదే.

పెద్ద కాంపౌండరు ఆ ఆసుపత్రిలో తల నెరిసిన మనిషి. పల్లె జనం ఆయన్నే డాక్టరనుకునేవాళ్ళు, ఆయన వాళ్ళ నమ్మకాన్ని చెడగొట్టేవాడు కాదు. నన్ను మాత్రం మందులు నూరే కల్వం దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"ఆడోళ్ళ సెయ్యి తగిల్తే మిక్చరు ఇరిగిపోతాదమ్మా. సూడు. ముట్టుకోబాకు."

చూశాను. ఏడాదంతా చూశాను. క్వినైను కరువైన యుద్ధం రోజుల్లో ఆయన జ్వరం మందులో నేలవేము కషాయం కలిపేవాడు. మందు చేదుగా ఉంటే జ్వరం పోతుందని జనం నమ్మకం. జ్వరం సంగతి ఎలా ఉన్నా చేదు మాత్రం తగ్గనివ్వలేదు.

ఆ యుద్ధమే నన్ను సీసాల దగ్గర నుంచి లేపింది. మా ఆసుపత్రి దొరసాని డాక్టరు సెలవు మీద తన దేశానికి వెళ్ళింది. అక్కడ ఎవరో ఎవరితోనో కొట్లాటకు దిగడంతో ఓడలు ఆగిపోయి ఆమె తిరిగి రాలేదు. ఆమె స్థానంలో కోస్తా వైపు నుంచి ఒక మగ డాక్టరును పంపారు. మంచివాడు, బాగా చదువుకున్నవాడు, సిగ్గు మరీ ఎక్కువ. ఉన్న ఇద్దరు నర్సుల్లో ఒకామె పటాలం ఆసుపత్రికి వెళ్ళిపోయింది, రెండో ఆమె టైఫాయిడుతో మంచం పట్టింది. కాన్పుల గదిలో వేణ్ణీళ్ళు మోసే పని నాకు దక్కింది. నాలుగు కాన్పులు చూశానో లేదో, ఆసుపత్రిలో ఆ విషయం తెలిసిన ఆడమనిషిని నేనే అయిపోయాను.

ఒకనాడు పొద్దున బస్సుకు పుంగనూరు నుంచి ఒక బట్టల అంగడి సాయిబు పరుగున వచ్చాడు. భార్యకు తొలికాన్పు. ముందురోజు నుంచి నొప్పులు పడుతోంది, మంత్రసాని చేతులెత్తేసింది.

"మీరు రావాల సార్. కానీ మా ఇంట్లో గోషా. ఆమెను మీరు సూడకూడదు."

"చూడకుండా వైద్యం ఎలా చేస్తానయ్యా?" అన్నాడు డాక్టరు.

"ఏం సార్, అంత సదువు సదివింది దేనికి?"

డాక్టరు దిక్కులు చూశాడు. సీసా కడుగుతూ నేను కనబడ్డాను.

పెట్రోలు లేని కాలం కాబట్టి అది బొగ్గుల బస్సు. దిగుడులో దర్జాగా పోయేది, మెట్ట రాగానే అందరం దిగి తొయ్యాలి. డాక్టరు కోటు వేసుకునే తోశాడు. సాయిబు దేవుణ్ణి తలుచుకుంటూ తోశాడు. నేను మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని వెనక నడిచాను.

వాళ్ళింట్లో నడవకు అడ్డంగా తెర కట్టారు. బట్టల అంగడి వాళ్ళకు తెరకు కరువేముంది, మిల్లు ముద్ర కూడా చెరగని కొత్త తాను. బయట కుర్చీలో డాక్టరు, ఆయన చుట్టూ సాయిబు, సాయిబు అన్నలు, ఇంకా ఎందుకొచ్చారో తెలియని ఇద్దరు పెద్దమనుషులు. లోపల మంచం మీద ఆ అమ్మాయి, పక్కన ఆమె అత్త, గోడకు ఆనుకుని మంత్రసాని, నేను.

ఆ అమ్మాయిది నా ఈడే. ఓణీ కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. నేను చేతులు కడుక్కుంటుంటే కొంగు తీసి మెల్లగా అడిగింది.

"నీకు ఎంతమంది బిడ్డలక్కా?"

"నాకింకా పెండ్లే కాలేదు."

ఆ నొప్పిలోనూ ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రెండూ న్యాయమే.

తెర అవతల నుంచి డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ముందు ఏ భాగం కనిపిస్తోంది?"

చూశాను. "తల కాదు సార్."

"మరి?"

అవతల అంతమంది మగవాళ్ళు. "వెనక భాగం సార్."

"అంటే వీపా?"

"వీపు కాదు సార్. ఇంకా కింద."

అవతల ఎవరో దగ్గారు. డాక్టరుకు విషయం అర్థమైంది. అర్థమయ్యాక సిగ్గు ముంచుకొచ్చి ఆయన ఇంగ్లీషులోకి దూకాడు. అంతమంది మర్యాదస్తుల ముందు ఆ మాటలు తెలుగులో అనలేకపోయాడు, పాపం. నాకొచ్చిన ఇంగ్లీషు పిల్లి చాప మీద కూర్చున్నంత వరకే. ఆయన ధారలో నా చెవికి ఒక్క మాట ఆనింది, 'పుల్'. దానికి ముందున్న మాట తెర దాటి రాలేదు.

"క్యా బోల్‌రా డాక్టరు?" అని అడిగింది అత్త.

"లాగమంటున్నాడు" అన్నాను.

"లాగొద్దు!" తెర అవతల కుర్చీ పడిపోయిన చప్పుడు. "లాగొద్దే తల్లీ! పిర్రలు ముందొస్తున్నాయి! లాగితే బిడ్డ చేతులు పైకి లేచి తల ఇరుక్కుంటుంది! చెయ్యి తియ్యి!"

పెద్దమనుషులు "తౌబా, తౌబా" అన్నారు. సాయిబు ఏదో అనబోయాడు. అప్పుడు అత్త లేచి తెర పక్క నుంచి తల బయటపెట్టింది.

"ఒరే, మీరంతా యాల ఆడ నిలబడుకోనుండారు? నొప్పులు పడేది మీరా? పోండి అంగట్లోకి! డాక్టరప్పా, నువ్వుండు. నువ్వు తెలుగులోనే సెప్పు. ఈ పాపకి అర్థం అయ్యేటట్టు సెప్పు."

మగవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత డాక్టరు తెలుగు ఎంత చక్కగా ఉందో చెప్పలేను. ఏ అవయవాన్నీ దాచలేదు. నేను చూసింది చూసినట్టు చెప్పాను, ఆయన చెయ్యాల్సింది చెప్పాడు. నడుము వచ్చింది, కాళ్ళు జారాయి, బొడ్డు కనబడింది, ఒక్కొక్క చెయ్యీ దిగింది. ఆ చిన్న ఒంటిని తడిగుడ్డలో చుట్టాను.

"ఇప్పుడు ఊరికే వేలాడనివ్వు. మెడ వెనక వెంట్రుకలు కనబడ్డాయా?"

"లేదు సార్."

"ఆగు. ఏమీ చెయ్యకు."

చేతిలో సగం పుట్టిన బిడ్డను పెట్టుకుని ఏమీ చెయ్యకుండా ఉండడమంత కష్టమైన పని నా జన్మలో ఇంకొకటి చెయ్యలేదు. మంత్రసాని కళ్ళు మూసుకుంది. అత్త నా భుజం పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగుతున్నాయని నాకప్పుడు తెలియలేదు.

"కనబడ్డాయి సార్!"

"రెండు కాళ్ళూ కలిపి పట్టుకో. తల్లి పొట్ట మీదికి మెల్లగా ఎత్తు. విల్లు వంచినట్టు. మెల్లగా, తల్లీ, మెల్లగా."

ఎత్తాను. గడ్డం వచ్చింది, నోరు, ముక్కు, నుదురు. నేరేడుపండు రంగులో ఉంది బిడ్డ. ఏడవలేదు. నోట్లో వేలు పెట్టి జిగురు తీశాను, తలకిందులుగా పట్టుకున్నాను, అత్త దాని వీపు రుద్దింది. అప్పుడు బిడ్డ తుమ్మి, ఇంత సేపు ఎవరే నన్ను సతాయించిందన్నట్టు అరిచింది.

ఇంటి ముందరి అంగడిలోంచి మొదటి ప్రశ్న వచ్చింది. "మగబిడ్డా?" ఆడబిడ్డ అని అత్త చెప్పింది. "అల్లా ఇచ్చినాడు" అని బదులొచ్చింది, కాస్త ఆలస్యంగా.

నేను బయటికి వచ్చేసరికి డాక్టరు నేల మీద కూర్చుని ఉన్నాడు. కోటు చెమటతో తడిసి, కాన్పు ఆయనకే అయినట్టున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మందుల పెట్టె ఆయనే మోశాడు.

ఆ వారంలోనే పుంగనూరంతా ఆయన పేరు మారుమోగింది. కంటితో చూడకుండా, చేత్తో ముట్టకుండా, ఒట్టి మాటతో కాన్పు చేసిన డాక్టరు! మరి లోపల చేతులెవరివని ఎవరికీ అనుమానం రాలేదు. డాక్టరు కనబడ్డవాళ్ళందరికీ "ఆ అమ్మాయే చేసింది" అని చెప్పేవాడు. దాంతో ఎంత వినయమో చూడండని ఆయన పేరు ఇంకా పెరిగింది. ఆ తర్వాత గోషా ఇళ్ళ నుంచి పిలుపు రావడం, ఆయన స్టెతస్కోపుతో పాటు నన్నూ వెంటపెట్టుకుపోవడం మామూలైపోయింది.

పెద్ద కాంపౌండరు మాత్రం చలించలేదు. "బిడ్డను తీసినంత మాత్రాన మిక్చరు కలపడం వచ్చినట్టు కాదమ్మా" అన్నాడు. కాంపౌండరు పరీక్ష పెట్టడానికి వచ్చిన పై ఊరి డాక్టరు నన్ను కల్వం ముందు కూర్చోబెట్టి ఆముదం, నీళ్ళు కలిసిపోయేలా నూరి ఎమల్షను చెయ్యమన్నాడు. పొత్రం పట్టుకోవడం అదే మొదలు. చూసింది చూసినట్టు నూరాను. విరగలేదు. "నేను నేర్పించినట్టే సేసింది" అన్నాడు పెద్ద కాంపౌండరు గర్వంగా. అబద్ధమని ఎలా అంటాను?

పాసయ్యాక నన్ను కుప్పం పంపారు. అక్కడి మందుల డిస్పెన్సరీకి పోవడానికి మగ కాంపౌండర్లు ఎవరూ ఒప్పుకోకపోవడంతో ఆడవాళ్ళకు అవకాశమివ్వాలన్న గొప్ప ఆలోచన పైవాళ్ళకు వచ్చింది. రోగాలు అక్కడ తెలుగు, కన్నడం, అరవం మూడు భాషల్లోనూ వచ్చేవి. వచ్చినవాళ్ళంతా ముందు నా వెనక చూసేవాళ్ళు, అసలు మనిషి ఎక్కడున్నాడా అని.

ఒక పొద్దున రామకుప్పం వైపు నుంచి ఒక రైతు బండిలో భార్యను తెచ్చాడు. బాలింత. రొమ్ములో గడ్డ లేచి జ్వరంతో మండిపోతోంది.

"డాక్టరు యాడికి పోయినాడమ్మా?"

"డాక్టరు వారానికొకసారి వస్తాడప్పా. నేను చూస్తాను, దించు."

"నువ్వు మందులిచ్చేదానివి. నువ్వేం సూస్తావు? డాక్టరు వచ్చేదాకా ఈడనే ఉంటాము." ఎద్దులను విప్పి చెట్టుకు కట్టాడు.

బండిలోంచి ఆమె మెల్లగా దిగింది. చంటిబిడ్డను మొగుడి చేతుల్లో పెట్టింది.

"నువ్వు డాక్టరు కోసరం కూసో. నేను లోపలికి పోతాండాను" అంది.

గడ్డ కోశాను. చీము పోయాక ఆమె అలాగే బల్ల మీద నిద్రపోయింది. ఎన్ని రాత్రుల నిద్రో అది. బయట ఆయన బిడ్డను ఊపుతూ, దారిన పోయేవాళ్ళను డాక్టరు గురించి వాకబు చేస్తూనే ఉన్నాడు.

తర్వాతి వారం కట్టు మార్చుకోవడానికి ఇద్దరూ వచ్చారు. డాక్టరు ఆరోజు అక్కడే, పక్క గదిలోనే ఉన్నాడు. ఆ సంగతి ఆ రైతుకు చెప్పాను కూడా. ఆమె కట్టు అయ్యాక ఆ రైతు పక్క గది గోడకేసి చూసి, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"నాకూ రెండు దినాల నుంచి దగ్గు ఉండాది" అని నా ముందు నాలుక చాపాడు.