గంటలు కొట్టేవాడి భార్య

మెక్సికోలో ఒక కొండ మీది ఊళ్లో చర్చి గంటలు కొట్టేవాడు సిప్రియానో. అతని భార్య తొమాసా మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్మేది. ఏళ్ల తరబడి ఆమె నోట రోజుకు పదిసార్లు వచ్చే మాట ఒకటే: "ఓయెమె, సిప్రియానో!" నా మాట విను అని. ఆ మహానుభావుడు విన్న పాపాన పోలేదు. మొదట్లో వినాలనిపించక, తర్వాత చెవులు పోయి. నలభై ఏళ్లు గంట కింద నిలబడ్డవాడికి చెవులు మిగులుతాయా?

"చెవిటోడి ముందు శంఖం ఎంతకాలం ఊదుతావు వదినా! ఓ రెండు తిట్లు తిట్టుకో, హాయిగా ఉంటుంది. ఎలాగూ వినపడవు," అని పక్కింటి పెత్రా ఏడిపించేది. తొమాసా నవ్వి ఊరుకునేది.

ఆమె పిలిచేది తిట్టడానికి కాదు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట వాళ్ల మూడేళ్ల కూతురు నీవెస్ జ్వరంతో పోయింది. పెద్దవాళ్లు పోతే అక్కడ ఆగి ఆగి ఒక్కొక్క గంటే కొడతారు. పసిబిడ్డ పోతే దేవదూత అయిందని పండగ గంటలు గలగలా మోగిస్తారు. తల్లి ఏడవకూడదు. ఆమె కన్నీళ్లకు బిడ్డ రెక్కలు తడిసిపోయి పైకి ఎగరలేదట. ఆ రోజు సిప్రియానో తన కూతురికి తానే సాయంత్రం దాకా పండగ గంటలు కొట్టాడు. తొమాసా పళ్లు బిగబట్టి పూలు గుచ్చింది. ఆ తర్వాత ఆమె నీవెస్ మాట ఎత్తబోయినప్పుడల్లా అతను "పనుంది" అని గోపురం ఎక్కేసేవాడు. కడుపుకోత కడుపులోనే ఉండిపోయింది. అంత శిక్ష పగవాళ్లకు కూడా వద్దు.

మొన్న చర్చివాళ్లు మైకు కొన్నారు. ఇక రికార్డు గంటలే మోగుతాయి. ఆఖరి రోజు మధ్యాహ్నం పైకెళ్లిన సిప్రియానో భోజనానికి దిగి రాలేదు. తొమాసా మోకాళ్లు పట్టుకుని గోపురం ముప్పై మెట్లూ మొదటిసారి ఎక్కింది. అతను గంటకు అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. చెవులు పోయాక గంట మోగిందో లేదో అతనికి తెలిసేది ఆ చేత్తోనే.

ఆమె ఆ చెయ్యి లాగి తన గుండె మీద పెట్టుకుంది. "ఓయెమె, సిప్రియానో. నా బిడ్డ కోసం ఒక్కసారి నన్ను ఏడవనీ," అంటూ భోరుమంది.

మాట చెవికి అందకపోయినా చేతికి అందింది.

"నీ ఏడుపు ఎక్కడ వినపడుతుందోననే ఆ రోజు అంతసేపు కొట్టానే!" అని గట్టిగా అరిచాడు. "వింటే నేనూ ఏడ్చేవాణ్ణి. పిల్ల కిందే ఉండిపోయేది."

"ఈపాటికి చేరే ఉంటుందిలే," అంటూ ఆమె ఆకాశంకేసి చెయ్యి చూపించింది.

ఇద్దరూ కలిసి తాడు పట్టుకున్నారు. ఈసారి పండగ గంట కాదు. ఒకటి కొట్టారు. చాలాసేపు ఆగి ఇంకొకటి కొట్టారు. ఆ మోత విని పెత్రా పిండి చేతులతోనే చర్చి ముందుకు పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు పోయారు వదినా?"

"నా కూతురు," అంది తొమాసా పైనుంచి.