నాగలి ఎత్తి దాటిన జాగా

పోలీస్ యాక్షన్ తర్వాత మా ఊరి దొర కోటలాంటి తన గడీకి తిరిగొచ్చాడు. పోరాటంలో సంఘం పేదలకు పంచిన భూములన్నీ మళ్లీ ఆయన కిందికే పోయాయి. కొన్నాళ్లకు ఒక పాత ట్రాక్టర్ కొని, నడపడానికి షాద్‌నగర్ నుంచి ముసలి డ్రైవర్‌ను పిలిపించుకున్నాడు. ట్రాక్టర్ వెనక నాగలిని పైకెత్తే ఇనుప చేతులు రెండుంటాయి. దొర తెచ్చిన పెద్ద నాగలి బరువుకు అవి వంగిపోయాయి. బాగు చేయమని మా కొలిమికి పంపారు.

మా ఇంటాయన కమ్మరి. తిత్తి ఊదడం నా పని. మా మరిది దళంలోకి వెళ్లి మళ్లీ రాలేదు. మిలిటరీవాళ్లు దొర మెట్ట చెల్కలో కొందరిని కాల్చి అక్కడే పూడ్చారని, వాళ్లలో మావాడూ ఉన్నాడని ఊళ్లో చెప్పుకునేవారు. కళ్లారా చూసినవాళ్లు మాత్రం లేరు. మా అత్త ఆ చెల్క మూలకు పోయి తంగేడు పొదల పక్కన కూర్చుని వచ్చేది.

ఇప్పుడు ఆ చెల్కనే దున్నుతారు. మా ఇంటాయన ఆ ఇనుమును కొలిమిలో పెట్టకుండా పక్కన పడేశాడు. గడీ నుంచి మనిషి వచ్చి బెదిరించి పోయాడు. చివరికి అత్తే కొలిమి దగ్గర కూర్చుని, "చెయ్యి కొడుకా. గట్టిగ చెయ్యి" అంది.

వంగిన భాగం తెగ్గొట్టి, పాత లారీ ఇరుసు ముక్కలు కాచి, మునుపటికన్నా మందంగా అతికించాడు. నిప్పుల్లో ఎర్రబడిన ఆ ఇనుము నాకు నిజంగా మనిషి చెయ్యిలాగే కనిపించింది. తల పక్కకు తిప్పుకుని తిత్తి ఊదాను.

బిగించుకుపోవడానికి డ్రైవర్ వచ్చినప్పుడు అత్త మంచినీళ్లిచ్చింది.

"అన్నా, ఆ చెల్క మూలకు నా కొడుకున్నడు. ఆడికచ్చినంక నాగలి జర పైకి లేపి పోతవా?"

ఆయన నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు. "గీ చేతులున్నది లేపెటందుకే గదమ్మా. లేపుత."

అన్నట్టే చేశాడు. తంగేడు పొదల దగ్గరికి రాగానే నాగలి మట్టి రాలుస్తూ పైకి లేచేది, దాటాక దిగేది. గడీవాళ్లు అడిగితే కింద బండ ఉందని, తగిలితే చేతులు మళ్లీ వంగుతాయని చెప్పాడట. దుక్కుల కాలంలో ట్రాక్టర్ చప్పుడు ఉన్నట్టుండి మారితే, ఇంట్లో మేము ముగ్గురం మాటలు ఆపేసేవాళ్లం.

కొన్నేళ్లకు డ్రైవర్‌కు జబ్బు చేసి సొంతూరికి పోయాడు. కొత్తగా వచ్చినవాడికి ఏమీ తెలియదు. అత్త పరుగెత్తి వెళ్లేసరికే ఆ మూల దున్నేశాడు. ఆమె చాళ్లలో కూర్చుని పెళ్లలు చేత్తో చిదిపి చూసింది. నేనూ వెతికాను. ఎముక లేదు, గుడ్డపీలిక లేదు.

మా ఇంటాయన ముఖం వెలిగింది. "ఈడ లేడవ్వా. యాడనో బతికే ఉంటడు" అన్నాడు.

అత్త చేతిలోని మట్టి వైపే చూస్తూ, "గట్లయితె గిన్నేండ్లు నేను ఎవలికి కావలున్న?" అంది.

మళ్లీ ఆ చెల్కకు పోలేదు. పానగల్ వైపు నుంచో, ఇంకో ఊరి నుంచో నాగలి కర్రు కాపించుకోవడానికి ఎవరొచ్చినా, మీ చెల్కల్లో దున్నకుండా వదిలిన జాగా ఏమన్నా ఉందా అని అడిగేది. ఉందంటే దారి కనుక్కునేది. నేను జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చేదాన్ని. మరునాడో ఆ మరునాడో, కాళ్ల నిండా దుమ్ముతో తిరిగొచ్చి, గోడకు ఆనుకుని కూర్చునేది. ఆమె చనిపోయేదాకా మేము మా మరిదికి కర్మ చేయలేదు. తర్వాత చేద్దామంటే మా ఇంటాయనకు చేతులు రాలేదు.